పది మూరలు, పైన కొసరు

మోకాలి ఆపరేషన్ అయిన మనిషిని చూడ్డానికి పోతే మోకాలి గురించి మాట్లాడుకోవాలి. అది పద్ధతి. ఆ పద్ధతి కోసమే నేను హైదరాబాదు నుంచి బస్సులో ఇరుక్కుని, ఒడిలో బత్తాయిల సంచి పెట్టుకుని జహీరాబాదు వెళ్లాను. మా పెద్దనాయన కూతురు సుభద్రక్క మంచం మీద కాలు చాపుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, చేతిలో టాబ్లెట్ పట్టుకుని ఉంది. నన్ను చూసి తలెత్తి, వెంటనే దించుకుంది. "వచ్చినవా మణెమ్మా, కూసో. జర ఆగు, గీ వారం ట్రైనింగు పెట్టేదున్నది," అంది. నాకు అరవై ఒకటి, ఆమెకు నాకన్నా ఏడాది ఎక్కువ. ఈ వయసులో ఎవరికి ట్రైనింగు, దేనికి ట్రైనింగు అని నేను చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయాను.

డాక్టరు మూడు నెలలు కదలొద్దన్నాడని, కాలక్షేపానికి కోడలు ఈ ఆట పెట్టి ఇచ్చిందట. బాస్కెట్‌బాల్ ఆటే, కానీ అందులో బంతి ఉండదు. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో తలా ఒక జట్టుకు యజమానులుగా ఉంటారు. ఆటగాళ్లంటే బొమ్మలు కూడా కాదు, వట్టి పేర్లు, ఆ పేర్ల పక్కన ఎవడికి ఏ విద్య ఎంత వచ్చో రాసి ఉంటుంది. వారానికి ఒక్క విద్య నేర్పొచ్చు. పాసింగో, డ్రిబ్లింగో, రీబౌండో ఎంచుకుని వేలితో నొక్కి ఊరుకుంటే, వారం తిరిగేసరికి ఎవడు ఎంత నేర్చాడో ఆటే చెబుతుంది. చెమట లేదు, దుమ్ము లేదు, అరికాళ్లలో గుచ్చుకునే మొరం లేదు. మా అక్క పదకొండు వారాలుగా ఒక్కటే నొక్కుతోంది, ఫ్రీ త్రో. ఆమె జట్టు వరసగా ఓడుతోంది. పొడుగు వాళ్లకు రీబౌండు రాదు, పొట్టి వాళ్లకు పాసింగు రాదు, పన్నెండు మందికీ ఫ్రీ త్రో మాత్రం దివ్యంగా వస్తోంది. ఒక్కడికి తప్ప. ఎక్కడో చలిదేశపు పేరు వాడిది, నోరు తిరగదు, అందుకని అక్క వాడిని మణెమ్మ అని పిలుస్తోంది. "మణెమ్మకే ఎక్కుతలేదు," అంది విసుగ్గా, నా ఎదురుగానే.

నాకు తిక్క రేగింది. అవతలి వాడు ఫౌల్ చేస్తే కదా ఫ్రీ త్రో వచ్చేది, అసలు బంతే చేతికి రాని జట్టుకు ఫ్రీ త్రోలు నేర్పి ఏం లాభమని అడిగాను. "రీబౌండు నేర్పక్కా, పాసింగు నేర్పు. గింత చిన్న సంగతి నీకు తెల్వదా? కెప్టెన్‌వి గద నువ్వు," అన్నాను. ఆమె నా వైపు చూడనైనా చూడకుండా, "ఒక్క పాయింటుతోని ఓడినోళ్లకు తెలుస్తది ఫ్రీ త్రో అంటే ఏందో," అని వేలితో నొక్కేసింది. పన్నెండో వారం కూడా అదే. ఆ మాట ఎవరిని అన్నదో మా ఇంట్లో పెంపుడు పిల్లికి కూడా తెలుసు. నేను వంటింట్లోకి వెళ్లి, కోడలు వద్దంటున్నా వినకుండా, బత్తాయిలన్నీ కడిగిపెట్టాను. కడుగుతున్నంతసేపూ నా మనసు ఇక్కడ లేదు.

అప్పట్లో మాది ఉమ్మడి ఇల్లు. పెద్దనాయన, మా నాయన, ఇద్దరి సంసారాలూ ఒకే పొయ్యి. జహీరాబాదుకు ట్రాక్టర్ల కంపెనీ ఇంకా రాని రోజులు. ఊరంటే బొంబాయి రోడ్డు, ఆ రోడ్డు మీద లారీలు, రోడ్డు దిగితే చెరుకూ అల్లమూ. మా ఇంట్లో ఏ మూల నిలబడినా అల్లం వాసనే వచ్చేది. దుప్పట్లలో, పుస్తకాల్లో, మజ్జిగలో కూడా. పంట తవ్వినప్పుడు బడి నుంచి రాగానే ఆడపిల్లలందరం కుప్ప చుట్టూ కూర్చుని కొమ్ములకు అంటిన మట్టి దులపాలి. వేళ్ల సందులు మండిపోయేవి, ఆ చేత్తో పొరపాటున కన్ను నలుపుకుంటే ఇక ఆ పూట చదువు లేనట్టే. పెద్దమ్మది బీదరు దిక్కు. పొద్దున్నే ఆమె జొన్నరొట్టెలు తట్టే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. మామూలు రోజుల్లో తెలుగు, కోపం వస్తే కన్నడం. ఆ కన్నడంలో అరసగం మాకు అర్థమయ్యేది కాదు కాబట్టి ఆమె తిట్లు మమ్మల్ని పెద్దగా బాధపెట్టలేదు.

పెద్దనాయన సంగతి వేరు. ఆరడుగులు దాటిన మనిషి, చెయ్యి చాపితే దూలం అందేది. ఆ చెయ్యే మా ఇంటి కొలబద్ద. అల్లం మడికీ మడికీ మధ్య ఎడం, ఎడ్లకు పలుపుతాడు, పందిరికి గుంజలు, పండగకు తెచ్చిన లంగా గుడ్డ, ఏదైనా సరే మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా పెట్టి మూరలు లెక్కపెట్టేవాడు. టేపంటే నమ్మకం లేదు, ఎండకు సాగుతుందనేవాడు. ఇంకో అలవాటు కూడా ఉంది. ప్రతి మూర చివరా రెండు వేళ్లు అడ్డంగా పెట్టి కొసరు కలిపేవాడు. ఊళ్లో కొసరు కలిపేది అమ్మేవాళ్లు, అదీ చివర ఒక్కసారి. ఈయన ఇంట్లో వాడుకునే తాడుకు కూడా, మూరమూరకూ కలిపేవాడు. "తక్వ కొలిచిండని ఒకనితోని అనిపించుకునుడు ఎందుకు," అనేవాడు. ఆయన కొలిచింది ఏదీ ఎప్పుడూ తక్కువ పడలేదు. మా లంగాలు మాత్రం నేలను ఊడ్చేవి.

డ్రిల్ సారు ప్రభాకర్ కరీంనగర్ దిక్కు నుంచి మా బడికి కొత్తగా వచ్చాడు. మా ఇంట్లోనే వీధి వైపు అర్ర కిరాయికి తీసుకుని, తిండి కూడా పెద్దమ్మ చేతిదే తినేవాడు. ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతానని హెడ్మాస్టరు దగ్గర ఒప్పించాడు కానీ, బడిలో బంతి తప్ప ఏమీ లేదు. పెద్దనాయన పొలంలోంచి రెండు తుమ్మ మొద్దులు కొట్టించి ఇచ్చాడు, కమ్మరితో ఇనప రింగులు వంచించాడు, ఎడ్లు కట్టి బడి వెనక జాగా చదును చేయించాడు. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది. గీతలు కూడా తానే కొలుస్తానన్నాడు. సారు పుస్తకం చూసి ఫ్రీ త్రో గీత పదిహేను ఫీట్లలో ఉండాలన్నాడు. "ఫీట్లు గీట్లు నాకు చెప్పకు సారూ, మూరల్ల చెప్పు," అన్నాడు పెద్దనాయన. పది మూరలు అన్నాడు సారు. మామూలు మనిషి చేతికి అది సరిగ్గా సరిపోయే లెక్కే.

పెద్దనాయన రుమాలు సవరించుకుని, నేల మీద వంగి, మూర తరవాత మూర వేసుకుంటూ పోయాడు. మూరమూరకూ రెండు వేళ్లు. సారు చూస్తూనే ఉన్నాడు. నోరు తెరిచాడు కూడా, నేను పక్కనే ఉన్నాను, ఎందుకో మాత్రం అప్పుడు నాకు తెలియదు. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ పంపిన రొట్టెల గిన్నె వచ్చింది. సారు ఆ గిన్నె వైపు చూశాడు, పెద్దనాయన వైపు చూశాడు, నోరు మూసుకున్నాడు. ఈ మనిషి అర్రలో ఉంటూ, ఈ మనిషి తిండి తింటూ, అంతమంది ముందు ఆ చెయ్యి తప్పని ఎలా చెబుతాడు? దూరం నుంచి నేర్చుకుంటే మంచిదే అని తనకు తాను సర్ది చెప్పుకుని ఉంటాడు. సున్నం గీతయితే మొదటి వానకే పోయేది. పెద్దనాయన ఏ పనీ తాత్కాలికంగా చేసే మనిషి కాదు. శాబాదు బండ ముక్కలు వరసగా భూమిలో పాతించి పోయాడు.

ఆ బండల వెనక నిలబడి మేము రెండేళ్లు ఫ్రీ త్రోలు నేర్చుకున్నాం. బడి వదిలాక ఒక్కొక్కరం యాభై వేయాలి, వేస్తేగానీ ఇంటికి పోవడానికి లేదు. ఉన్నది ఒకటే బంతి, లేసు కట్టిన తోలు బంతి, సైకిల్ షాపులో గాలి కొట్టించినప్పుడల్లా ఒక పక్కకు ఉబ్బేది. నేను జట్టులో అందరికన్నా పొట్టిదాన్ని. మోకాళ్లు వంచి, రెండు చేతులతో, నడుములోంచి ఊపు తెచ్చుకుని విసిరితే తప్ప బంతి రింగు దాకా పోయేది కాదు. మొదట్లో యాభైకి అయిదు పడితే గొప్ప. రెండో ఏడాదికి ముప్పై అయిదు పడేవి. నా భుజాలకూ నడుముకూ ఆ దూరం అలవాటైపోయింది. సారు కూడా, "ఫౌల్ అయితె మణెమ్మకే ఇయ్యున్రి," అనేవాడు. మా జట్టులో నాకున్న పరువంతా ఆ ఒక్క విద్య వల్లే. నిజం చెప్పాలంటే పరిగెత్తడం నాకు చేతకాదు.

మా కెప్టెన్ సుభద్రక్క అలా కాదు, ఆమెకు అన్నీ వచ్చు. పొడుగు, చురుకు, పిల్లలను అదిలించే గొంతు. ఆమెకు డ్రిల్ టీచరు కావాలని ఉండేది. సారు విజిలు అడిగి తీసుకుని, గొడ్ల కొట్టం వెనక ఊదుకునేది. బర్రెలు బెదురుతున్నాయని పెద్దమ్మ కన్నడం అందుకునేది. సంగారెడ్డిలో మా బడికీ ఇంకో బడికీ ఒకే ఒక్క పోటీ ఉందని, గెలిచిన జట్టులోంచి ఇద్దరు ముగ్గురిని హైదరాబాదులో హాస్టల్లో పెట్టి చదివించి, ఆ తరవాత డ్రిల్ టీచరు ట్రైనింగుకు పంపుతారని సారు చెప్పిన రోజు ఆమె రొట్టె ముట్టలేదు. రెండు రోజులు తల్లిని బతిమాలింది, మూడో రోజు తండ్రి ముందు నిలబడింది. పెద్దనాయన చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు. "గెలిచి రా, పంపిస్త. ఓడితె మల్ల నన్ను అడగొద్దు," అన్నాడు. ఆయన మాట అంటే అన్నట్టే. అక్క ఆ రాత్రి నా పక్కన పడుకుని, "మంచిగ ఆడు మణెమ్మా, నీకు దండం పెడ్త," అంది. నాకంటే పెద్దది అలా అనేసరికి నాకు భయమేసింది.

సంగారెడ్డికి అల్లం లారీలో వెళ్లాం. బస్సుకైతే వేళ చాలదని, ఎలాగూ హైదరాబాదు మార్కెట్టుకు లోడు పోతోంది కదా అని పెద్దనాయన మమ్మల్ని బస్తాల మీద కూర్చోబెట్టి, తాను డ్రైవరు పక్కన కూర్చున్నాడు. దారిలో టైరు పంచరైంది. మేము దిగేసరికి మా బడి పేరు రెండోసారి పిలుస్తున్నారు. కాళ్లకు, జడలకు అంటిన అల్లం మట్టితోనే గ్రౌండులోకి దిగాం. ప్రాక్టీసు లేదు, కాసేపు బంతి పట్టుకుని చూసింది లేదు. పెద్దనాయన మా సంచుల పక్కన బల్ల మీద కూర్చుని, పక్కవాళ్లకు, "గా పొడుగు పొల్ల నా బిడ్డ. వీండ్ల గ్రౌండు నేనే కొలిచి ఇచ్చిన," అని చెబుతున్నాడు. ఆడపిల్లల ఆట చూడ్డానికి ఆయన రావడం అదే మొదటిసారి.

మొదటి సగంలో నాకు నాలుగు ఫ్రీ త్రోలు వచ్చాయి. రింగు పెద్దగా, దగ్గరగా కనబడింది. పెద్ద ఊరి గ్రౌండు కదా, ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఎప్పటిలాగే వేశాను. నాలుగూ బోర్డు పైఅంచుకు తగిలి వెనక్కి ఎగిరిపోయాయి. చూస్తున్నవాళ్లు నవ్వారు. మధ్యలో ఆట ఆగినప్పుడు సారు గీత నుంచి రింగు కింద దాకా మడమకు బొటనవేలు ఆనిస్తూ నడిచాడు. తరవాత అక్కను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. నన్ను మార్చమంటున్నాడనుకుని నేను తల వంచుకుని నీళ్లు తాగుతున్నాను. అక్క తిరిగి వచ్చి నా భుజం తట్టింది. ఏమీ అనలేదు.

చివర్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. టైము అయిపోవచ్చింది, నా మీద ఫౌల్ అయింది, రెండు ఫ్రీ త్రోలు. ఒకటి పడితే సమానం, రెండూ పడితే అక్కకు హాస్టలు. మొదటిది మళ్లీ బోర్డు పైఅంచుకే తగిలింది. ఈసారి బలం తగ్గించాలనుకున్నాను. ఎంత తగ్గించాలో నాకెవరు చెప్పాలి? చెయ్యి వణికి మరీ తగ్గించేశాను. రెండోది రింగుకు తగలనైనా తగలకుండా కింద పడింది. తిరుగు ప్రయాణంలో బస్సులో పెద్దనాయన కోప్పడలేదు. "చిన్న పొల్ల చెయ్యి ఆగలె, ఏం జేస్తం," అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట నాకు ఇంటి పేరైపోయింది. పెళ్లిళ్లలో వడ్డించబోతే, "మణెమ్మకు గరిటె ఇయ్యకున్రి, ఇస్తారి అవతల పోస్తది," అని నవ్వేవాళ్లు. నా పెళ్లిలో తలంబ్రాలప్పుడు కూడా ఎవరో అదే అన్నారు, మా ఆయన ఆ హాస్యాన్ని ముప్పై ఏళ్లు వాడుకున్నాడు. నేను తెలుగు టీచరునై పనిచేసిన ప్రతి బడిలోనూ ఆటల రోజు సెలవు పెట్టాను. నా కూతురు కబడ్డీ జట్టుకు పేరిస్తానంటే, మన వంశంలో చెయ్యి ఆగదు, చదువుకో అని కసిరాను. సుభద్రక్క పదో తరగతితో ఆగిపోయింది. మొగుడి ఇనప సామాన్ల దుకాణంలో మేకులు తూచి ఇస్తూ జీవితం గడిపింది. ఆ దుకాణం ముందు నుంచి పోవాల్సి వచ్చినప్పుడల్లా నేను తల వంచుకుని పోయేదాన్ని.

ఇదంతా మనసులో పెట్టుకుని నేను బత్తాయిల పళ్లెంతో అక్క మంచం దగ్గరకు వచ్చాను. ఆమె మళ్లీ ఆ ఆటలోనే ఉంది. "ఇంక ఎన్ని దినాలు పొడుస్తవ్ అక్కా? నలభై ఏండ్లు దాటింది. ఆటల గూడ నా పేరే దొరికిందా నీకు?" అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. కోడలు గుమ్మంలోంచి తొంగి చూసి వెళ్లిపోయింది.

అక్క టాబ్లెట్ పక్కన పెట్టింది. "పొడుస్తలేనే. నీ చెయ్యి మంచిదే. మన గీతనే దూరముండె," అంది.

"ఏ గీత?"

"నాయిన కొలిచిన గీత. దగ్గర దగ్గర మూడు ఫీట్లు ఎక్వ. సంగారెడ్డిల సారు అడుగులేసి చూసి నాకు చెప్పిండు. మణెమ్మకు చెప్పు, జర మెల్లగ ఎయ్యమను, పడ్తయ్ అన్నడు. నేనే చెప్త సారూ, మీరు చెప్పకున్రి అన్న. చెప్పలె."

అర్థమయ్యాక పళ్లెం కింద పెట్టాల్సి వచ్చింది. "ఎందుకు చెప్పలె?" అన్నాను.

"నాయిన బల్ల మీద కూసున్నడు గద. గ్రౌండు నేనే కొలిచిన అని అందరికి చెప్పుకుంటుండె. నీకు చెప్తె నువ్వు ఊకుంటవా? గాడనే లొల్లి జేస్తుంటివి. అందరి ముంగట నాయిన ఇజ్జత్ పోతుండె."

అది నిజమే. నేను ఊరుకునేదాన్ని కాదు. పదిహేనేళ్ల దాన్ని, నాలుగు ఫ్రీ త్రోలు పోగొట్టుకుని, జనం నవ్వితే మండిపోతూ ఉన్నాను. కానీ రెండు ఫ్రీ త్రోలు వేసేదాన్ని కూడా. ఆమె హైదరాబాదు వెళ్లేది. వేల మంది పిల్లలను అదిలించేది. "నీ ట్రైనింగు పోయె గదక్కా," అన్నాను.

"పోయింది. నేనే పోగొట్టుకున్న. నాకెర్క లేదా?" అంది. తరవాత కిటికీ వైపు తిరిగి, "నాయిన పోయేదాంక తన కొలత సరిగనే ఉన్నదనుకున్నడు. గంతే చాలు అనుకున్న," అంది.

ఆమె చేతుల వైపు చూశాను. ఇన్నేళ్లు ఇనుము పట్టుకున్న చేతులు, వేళ్ల కణుపులు లావుగా ఉబ్బి ఉన్నాయి. ఈ పన్నెండు వారాలూ ఆమె వేలితో నొక్కుతున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ ఆటలో గీతను ఎవరూ మూరలతో కొలవరు, ఏ తండ్రీ బల్ల మీద కూర్చుని ఉండడు, నేర్చుకున్నవాడికి నేర్చుకున్నంతా దక్కుతుంది. జాలి వేసింది. జాలి వెనకాలే ఇంకోటి కూడా వచ్చింది.

"మరి నేను?" అన్నాను.

అక్క కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడిచింది, పెట్టుకుంది, మళ్లీ తీసింది. "నీ గురించి అప్పుడు సోంచాయించలె చెల్లె," అంది చివరికి. "తర్వాత గూడ చానా ఏండ్లు సోంచాయించలె."

పొద్దుటి నుంచి ఏదో ఒకదానికి ఆమె మీద చిరాకు పడుతూనే ఉన్నాను. ఆ మాటకు చిరాకు రాలేదు. కోపం వచ్చింది. సంగారెడ్డి నుంచి తిరిగొచ్చిన బస్సులో, చివరి సీట్లో, అందరికీ వీపు తిప్పుకుని కూర్చున్న ఆ పొట్టి పిల్లకు రావలసిన కోపం. అక్క ముందే, పెద్దనాయన పేరు పెట్టి, సారు పేరు పెట్టి, ఆమె పేరు పెట్టి తిట్టాను. ఆమె వద్దనలేదు. నేను తిట్టడం అయిపోయేదాకా తల దించకుండా విని, అయిపోయాక నా చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి వణకడం లేదు.